ఎలక చెవిలో దొరికిన ప్రశ్న: తిరుపతి నుంచి పీహెచ్‌డీ దాకా నా అనుభవం

తిరుపతిలో జువాలజీ పీజీ చేసేవాళ్లను "తర్వాత ఏం చేస్తావు?" అని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకటే. బీఈడీ చేసి డీఎస్సీ రాస్తాను, చెన్నైలో మెడికల్ కోడింగ్‌లో చేరతాను, లేదంటే కార్పొరేట్ కాలేజీలో నీట్ బ్యాచ్‌లకు బయాలజీ చెబుతాను. ఇవన్నీ మంచి దారులే, నా స్నేహితుల్లో చాలామంది వాటిలోనే స్థిరపడ్డారు. వీటి పక్కన ఇంకో దారి కూడా ఉంది. అందులో చదువుకుంటూ ఉండగానే నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. దానికి కావాల్సిన ముడిసరుకంతా మన పొలాల్లో, చెరువు గట్ల మీద, శేషాచలం అంచున ఉంది. జీవుల సంఖ్య ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది, ఆ పెరుగుదల తరుగుదలలతో జబ్బులు ఎలా పాకుతాయి అని లెక్కగట్టే చదువు అది. పాపులేషన్ ఎకాలజీ, ఇన్ఫెక్షియస్ డిసీజ్ ఎకాలజీ అంటారు. అందులో పీహెచ్‌డీ సీటు కోసం నేను ఏమేం చేశానో, ఎక్కడ ఏం అడిగారో, చివరికి ఏది ఎందుకు ఎంచుకున్నానో రాస్తున్నాను. మన వైపు పిల్లలకు ఇది తెలియాలని నాకు గట్టిగా ఉంది.

నన్ను ఇటు లాగింది ఒక జ్వరం. ఎమ్మెస్సీ రెండో ఏడాది నవంబరులో మా చిన్నమ్మ మంచాన పడింది. వాళ్లది చంద్రగిరి మండలంలో ఒక పల్లె. ఊళ్లో సూదులు వేయించుకుంది, మలేరియా పరీక్ష అయింది, డెంగీ పరీక్ష అయింది, ఏదీ తేలలేదు. తిరుపతికి తీసుకొస్తే డాక్టరమ్మ ఒళ్లంతా ఓపిగ్గా వెతికి, చంకలో నల్లగా పెచ్చుకట్టిన చిన్న పుండు చూపించింది. నొప్పీ దురదా లేదు కాబట్టి చిన్నమ్మ దాన్ని గమనించనే లేదు. స్క్రబ్ టైఫస్ అన్నారు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది.

కోలుకున్నాక చిన్నమ్మ నన్ను అడిగింది: "ఇద్దరమూ ఒకే చేనికి పోతిమి, ఒకే గట్టు మీద కూర్చుంటిమి. మీ చిన్నాయనకు రాకుండా నాకే ఎందుకొచ్చె పాపా?"

డాక్టర్లు ఆమెను బతికించారు. మన పక్కనే వేలూరులో సీఎంసీ వాళ్లు ముందుండి నడిపిన ట్రయల్, ముదిరిన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఒక్కో మందు విడిగా ఇచ్చినదానికంటే మేలని 2023లో తేల్చింది. అంటే వైద్యం ముందుకు పోతోంది. చిన్నమ్మ ప్రశ్నకు జవాబు మాత్రం ఆసుపత్రిలో దొరకదు. ఆ జబ్బుకు కారణం ఓరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియా. దాన్ని మోసేది చిగ్గర్. అంటే మట్టిలో బతికే ఒక రకం నల్లి (ఇంగ్లిష్‌లో మైట్, మంచాల్లో ఉండే నల్లి కాదు) తాలూకు పిల్లపురుగు, కంటికి ఆనీ ఆననంత చిన్నది. ఆ నల్లి జీవితంలో పిల్లదశలో మాత్రమే, అదీ ఒక్కసారే, ఎలకనో చుంచునో మనిషినో పట్టుకుని తింటుంది. తర్వాత మట్టిలోకి దిగిపోయి మిగతా బతుకంతా అక్కడే గడిపేస్తుంది. బ్యాక్టీరియా తల్లి నల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు వెళుతుంది. కాబట్టి జబ్బుకు నిలవచోటు నల్లే. ఎలక దాన్ని మేపుతుంది, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోతుంది. ఏ గట్టు మీద ఎన్ని ఎలకలున్నాయి, వాటి మీద ఎన్ని చిగ్గర్లున్నాయి, ఈశాన్య రుతుపవనాల వానకు మట్టి తడిసినప్పుడు అవి ఎప్పుడు పైకొస్తాయి, ఆ సమయానికి మనిషి అక్కడ కూర్చున్నాడా లేదా? చిన్నమ్మ ప్రశ్నకు జవాబు ఈ లెక్కలో ఉంది.

ఇది కొత్తగా పుట్టిన చదువేమీ కాదని చదివే కొద్దీ తెలిసింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాదులోనే. అంతవరకు మనకు పాఠాల్లో ఉంది. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపించింది. ఊళ్లో దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కంటే తక్కువకు దించితే చాలు మలేరియా దానంతటది తగ్గిపోతుందని లెక్కలు వేసి చూపించాడు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు జబ్బు సోకగలవాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్నవాళ్లు అని జనాన్ని విడగొట్టి సమీకరణాలు రాశారు. వాళ్లు తమ లెక్కను సరిచూసుకున్నది 1905-06లో బొంబాయిలో వచ్చిన ప్లేగు మరణాలతో. 1979లో ఆండర్సన్, మే అనే శాస్త్రవేత్తలు అడవి జంతువుల సంఖ్యను తిండి, వేటాడే జంతువులే కాదు, జబ్బులు కూడా అదుపులో పెడతాయని చూపించాక ఈ రంగం ఊపందుకుంది. కోవిడ్ రోజుల్లో టీవీల్లో ఊదరగొట్టిన 'ఆర్ నాట్', అంటే ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుందో చెప్పే అంకె, ఈ చదువులోదే.

ఇక అసలు విషయం, సీటు సంగతి.

మన దేశంలో మొదటి మెట్టు సీఎస్‌ఐఆర్ నెట్ అనే అర్హత పరీక్ష. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు, మూడు గంటలు. ఎ, బి, సి అని మూడు భాగాలు. సి భాగంలో 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. మనవాళ్లు ఎక్కువగా మాలిక్యులర్ బయాలజీ, ఇమ్యునాలజీ మీద పడతారు. నేను ఎకాలజీ, ఎవల్యూషన్, బయోస్టాటిస్టిక్స్ యూనిట్లను గట్టిగా పట్టుకున్నాను. వాటిలో ప్రశ్నలు కంఠస్థం కంటే ఆలోచన అడుగుతాయి, అందుకని పోటీ తక్కువ, తప్పు చేసే అవకాశమూ తక్కువ. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000, ఇంటద్దె భత్యం వేరు. నెట్ కాకుండా గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని ప్రత్యేకంగా ఒక పేపరే ఉంది, మన కాలేజీల్లో చాలామంది దాని పేరు కూడా వినలేదు. బెంగళూరు ఎన్‌సీబీఎస్ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలకు జేజీబిల్స్ అని ఇంకో పరీక్ష. రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీఆర్‌సెట్.

ఎక్కడెక్కడ చేయొచ్చో కూడా చెబుతాను. బెంగళూరు ఐఐఎస్‌సీలో సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ ఉంది. హైదరాబాదులో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్, అంటే అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ల్యాబు, ఉంది. పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ వారి వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్, దోమలు, నల్లుల మీద పనిచేయాలనుకునేవాళ్లకు అంతకంటే దగ్గరి చోటు లేదు. చెన్నైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ. మన తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ ఉంది, వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, స్విమ్స్ ఉంది. ఒకే ఊళ్లో పశువైద్యం, మానవ వైద్యం, ఎకాలజీ మూడూ ఉండడం మామూలు విషయం కాదు. బయటివాళ్లకు తెరిచి ఉన్న సెమినార్ ఎక్కడ జరిగినా బస్సెక్కి వెళ్లి వెనక వరసలో కూర్చునేదాన్ని. అక్కడ అడిగే ప్రశ్నలు విన్నాకే రీసెర్చ్ చేసేవాళ్లు ఎలా ఆలోచిస్తారో అర్థమైంది.

నెట్ మార్కులు గేటు దాకా తీసుకెళతాయి. లోపలికి వెళ్లాలంటే చేతిలో పని ఉండాలి. అందుకే ఎమ్మెస్సీ అవగానే ఒక ప్రాజెక్టులో తాత్కాలిక అసిస్టెంట్‌గా చేరాను. జీతం కొద్దిగానే, కానీ నేను ఎలకలను పట్టడం నేర్చుకున్నది అక్కడే.

ట్రాపులు షెర్మన్ అనే రకం, మడిచిపెట్టుకోగలిగే అల్యూమినియం డబ్బాలు. పొద్దు వాలే వేళకు శనక్కాయ చేను గట్ల మీద వరసగా, వరసలో సమాన దూరంలో పెట్టాలి. లోపల ఎరగా వేయించిన శనక్కాయలు, కొబ్బరి ముక్క. చుంచులకైతే ఎండుచేప. మూతి పొడుగ్గా ఉండి కంపుకొట్టే ఆ చుంచు ఎలక జాతిది కాదు. మన దక్షిణాదిలో చిగ్గర్లను ఎక్కువగా మోసేవాటిలో అదీ ఒకటి. అందుకని ఎండుచేప ఖర్చుకు వెనకాడకూడదు. తెల్లవారకముందే వెళ్లి ట్రాపులు తీసేయాలి, ఎండెక్కితే లోపలి ప్రాణి చచ్చిపోతుంది.

ట్రాపులు ఎక్కడ పెట్టాలో మాకు చూపించింది ఒక యానాది పెద్దాయన. బొరియ దగ్గర గొంతుకూర్చుని వేళ్లతో మన్ను నలిపి చూసేవాడు. "ఇది పాతది తాతా?" అంటే, "కాదమ్మా, మన్ను తడి ఆరలేదు, రాత్రే తోడింది. ఆ పక్కది చూడు, సాలీడు గూడు కట్టేసుండాది, అందులో ఏమీ లేదు" అనేవాడు. ఆయన చూపిన బొరియల దగ్గర ట్రాపు ఖాళీగా ఉండడం అరుదు. ఇలాంటి మనుషుల పేర్లు పేపర్లలో కృతజ్ఞతల దగ్గరైనా రావాలని, కూలీ సరిగ్గా అందాలని నేను ప్రతి మీటింగులో అడుగుతూనే ఉంటాను. వాళ్ల కన్ను లేకపోతే మా డేటా లేదు.

పట్టిన ఎలకను గుడ్డసంచిలోకి దించి, కొంచెం మత్తు ఇచ్చి, గ్లవ్స్, మాస్కు వేసుకుని చెవి మడత తిప్పి చూస్తాం. మొదటిసారి చూసినప్పుడు అది గాయం తాలూకు పొక్కు అనుకున్నాను. లెన్సు పెడితే నారింజ రంగు చుక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి, తలలు చర్మంలోకి గుచ్చుకుని కదలకుండా ఉన్నాయి. అవే చిగ్గర్లు. సన్నటి ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే తీసి 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, సీసా మీద తేదీ, చోటు, ఎలక నంబరు పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌కు చెరిగిపోతుంది. ఎలక చెవికి నంబరు ట్యాగు వేసి పట్టిన చోటే వదిలేస్తాం. ఇదంతా చేయడానికి ముందు జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అడవిలో అడుగు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి వేరు. కాగితాల పనికి నెలలు పడుతుంది, ఆ ఓపిక కూడా ఈ చదువులో భాగమే.

ట్యాగు వేసి వదలడం ఎందుకంటే, మొత్తం ఎలకలు ఎన్నో తెలియడానికి. ఉదాహరణకు 40 ఎలకలకు గుర్తు పెట్టి వదిలామనుకోండి. తర్వాత 50 పడితే, అందులో 10కి మన గుర్తు ఉంది. అంటే అయిదింట ఒక వంతుకు గుర్తుంది. గుర్తు పెట్టినవి 40 కాబట్టి మొత్తం సుమారు 200. ఇంటర్ పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క. పాపులేషన్ ఎకాలజీ అంతా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

నా పీహెచ్‌డీ ప్రశ్న పుట్టింది ఆ సీసాలను లెక్కపెడుతున్నప్పుడు. 'ఆర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఎలక మీద ఎన్ని చిగ్గర్లున్నాయో గ్రాఫు గీశాను. సగటు చూస్తే ఎలకకు కొన్ని చొప్పున ఉన్నట్టు కనిపిస్తుంది. గ్రాఫులో చూస్తే చాలా ఎలకల మీద సున్నా. కొద్దిపాటి ఎలకల చెవుల్లో మాత్రం కుప్పలు. పరాన్నజీవులు ఎక్కడ చూసినా ఇలాగే కొద్దిమంది మీదే గుమిగూడుతాయని, దాన్ని నెగటివ్ బైనామియల్ అనే లెక్కతో కొలుస్తారని తర్వాత చదివాను. మరి మా చేనులో ఆ కొద్ది ఎలకలు ఏవి? మ్యాపు మీద పెట్టి చూస్తే ఎక్కువ భాగం చేనుకూ కంపచెట్లకూ మధ్య ఉన్న గట్ల మీద దొరికినవి. మనుషులు అన్నాలు తినడానికి కూర్చునేది కూడా ఆ గట్ల మీదే, నీడ అక్కడే ఉంటుంది కాబట్టి. చిన్నమ్మ ప్రశ్న ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. ఆ రోజు నుంచి నేను ఎవరికి ఉత్తరం రాసినా, ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా చెప్పింది ఈ ఒక్క సంగతే.

విదేశాల ప్రయత్నం కూడా సమాంతరంగా చేశాను. ఊళ్లో ఒక కన్సల్టెన్సీకి వెళితే, పబ్లిక్ హెల్త్‌లో ఎంఎస్ చేయండి, లోను మేమే ఇప్పిస్తాం అన్నారు. లక్షల్లో అప్పు. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా తెలుసుకోవాలి. ఫీజు కట్టి చేసే కోర్సులు వేరు, రీసెర్చ్ డిగ్రీలు వేరు. అమెరికాలో ఎకాలజీ పీహెచ్‌డీకి మామూలుగా ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పని ఇచ్చి జీతం ఇస్తారు. డబ్బు ఇవ్వని పీహెచ్‌డీ సీటు వస్తే చేరకండి. ఈ మాట నేను ఎవరికైనా మొహమాటం లేకుండా చెబుతాను.

అక్కడ ఈ రంగానికి పేరున్న చోట్లు జార్జియా యూనివర్సిటీలోని ఓడమ్ స్కూల్ ఆఫ్ ఎకాలజీ, పెన్ స్టేట్‌లోని సెంటర్ ఫర్ ఇన్ఫెక్షియస్ డిసీజ్ డైనమిక్స్, ప్రిన్స్‌టన్ ఎకాలజీ విభాగం. బ్రిటన్‌లో గ్లాస్గో యూనివర్సిటీ రేబిస్ మీద చేసిన పనికి ప్రసిద్ధి. అమెరికా ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఎస్‌ఎఫ్, ఎన్‌ఐహెచ్ కలిసి 2000 నుంచి అంటువ్యాధుల ఎకాలజీకి ప్రత్యేకంగా గ్రాంట్లు ఇస్తూ వచ్చాయి. అలాంటి గ్రాంటు కొత్తగా వచ్చిన ప్రొఫెసర్‌కు విద్యార్థులు కావాలి. కాబట్టి యూనివర్సిటీ ర్యాంకు చూడడం కంటే ఎవరికి ఏ గ్రాంటు వచ్చిందో వెతకడం లాభం. ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ మాత్రం అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. దాని వెంట మనం పడి ప్రయోజనం లేదు.

ఎకాలజీలో సీటు ఇచ్చేది ఆఫీసు కంటే ముందు ప్రొఫెసర్. ఆయనో ఆవిడో ఊ అంటేనే దరఖాస్తుకు అర్థం ఉంటుంది. దరఖాస్తుల గడువు డిసెంబరు, జనవరుల్లో. ఉత్తరాలు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే రాయాలి. నా ఉత్తరంలో పొగడ్తలు లేవు, మార్కుల జాబితా లేదు. మూడు పేరాలు. నేను ఆంధ్రప్రదేశ్‌లో శనక్కాయ చేలల్లో ఎలకల మీది చిగ్గర్లను లెక్కిస్తున్నాను, కొద్ది ఎలకల మీదే చాలా ఉన్నాయి, అవి గట్ల మీదివి. మీ పేపర్లో ఈ గుమిగూడడాన్ని మీరు ఒక విధంగా వివరించారు, మా దగ్గర వానల వల్ల అది మారుతుందని నా అనుమానం. వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా? అంతే. గ్రాఫు ఒకటి జోడించాను.

జవాబు రానివి చాలా ఉంటాయి, దానికి మనసు కష్టపెట్టుకోకూడదు. వాళ్లకు రోజూ వచ్చే ఉత్తరాలు అన్ని. వచ్చిన జవాబుల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ ప్రొఫెసర్ ఒక్క వాక్యం రాశారు: వానకు ముందూ తర్వాతా తేడా నిజంగా ఉందా, నీ డేటా ఏమంటోంది? ఉందని రాస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నేను లెక్క వేసి, ఇంత కొద్ది ఎలకలతో చెప్పడం సాధ్యం కాదు, అంచనాలో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య తేడా చాలా వచ్చింది, కచ్చితంగా చెప్పాలంటే రెండు వానాకాలాలైనా కొలవాలి అని రాసి పంపాను. మర్నాడే వీడియో కాల్‌కి పిలిచారు.

ఆ కాల్‌లో ఇంగ్లిష్ గురించి నాకున్న టెన్షన్ మొదటి కొన్ని నిమిషాల్లోనే పోయింది. ఆవిడ అడిగినవన్నీ పని గురించే. ట్రాపులు ఎంత దూరంలో పెట్టావు, ఒకే ఎలకను రెండోసారి పట్టుకున్నప్పుడు లెక్కలో ఏం చేశావు, చచ్చిపోయిన ఎలకలు ఎన్ని. చేసిన పని గురించి చెప్పడానికి మన ఇంగ్లిష్ సరిపోతుంది. తెలుగు మీడియం పిల్లలు ఈ ఒక్క భయంతో ఆగిపోవద్దు. తర్వాత మామూలు తంతే. ఇంగ్లిష్ పరీక్ష, ట్రాన్స్‌క్రిప్టులు, మూడు సిఫార్సు లేఖలు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. జీఆర్‌ఈ చాలా విభాగాలు తీసేశాయి, ఒక్కో చోటు చూసుకోవాలి. దరఖాస్తు ఫీజు ఒక్కోదానికి వేలల్లో అవుతుంది, మాఫీ ఇస్తారా అని అడిగితే కొందరు ఇస్తారు, అడగడంలో తప్పు లేదు.

ఇక్కడి ఇంటర్వ్యూ వేరే రకం. బల్లకు అటువైపు చాలామంది, నా చేతికి మార్కర్ ఇచ్చి, సోకగలవాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్నవాళ్ల సమీకరణాలు బోర్డు మీద రాయమన్నారు. రాశాను. స్క్రబ్ టైఫస్‌కు ఇది సరిపోతుందా అన్నారు. సరిపోదు, మనిషి నుంచి మనిషికి సోకదు కాబట్టి మనిషి ఈ గొలుసుకు చివర, ఎలకలకూ నల్లులకూ వేరే గళ్లు కావాలి అని గీసి చూపించాను. అప్పుడు ఒక పెద్దాయన అడిగారు: "అయితే ఊళ్లో ఎలకలన్నిటికీ మందు పెట్టి చంపేస్తే జ్వరాలు పోతాయి కదమ్మా?"

ఇది నేను చేలగట్టు మీద చాలాసార్లు ఆలోచించిన ప్రశ్నే. "వెంటనే పెరగొచ్చు సార్" అన్నాను. ఎలకలు పోయినా మట్టిలో నల్లులు ఉంటాయి, బ్యాక్టీరియా వాటి గుడ్లలోనే ఉంది. అప్పుడే పుట్టిన చిగ్గర్లకు ఎలక దొరకకపోతే దొరికినదాన్ని పడతాయి, ఆ దొరికేది గట్టు మీద కూర్చున్న మనిషి కావొచ్చు. ప్లేగులో కూడా ముందు ఎలకల ఒంటి మీది ఫ్లీలను, అంటే గెంతే చిన్న పురుగులను, చంపకుండా ఎలకలను చంపకూడదంటారు, చచ్చిన ఎలకను వదిలిన ఫ్లీలు మనుషుల మీదికి వస్తాయి కాబట్టి. ఎన్నాళ్లు పెరుగుతుంది, ఎప్పటికి తగ్గుతుంది అన్నది నల్లులు ఎన్నాళ్లు బతుకుతాయో కొలిస్తేనే చెప్పగలం. "ఎలా కొలుస్తావు?" అన్నారు. అక్కడి నుంచి అది ఇంటర్వ్యూలా లేదు. కంప కొట్టేసిన గట్లు, కొట్టని గట్లు పక్కపక్కన పెట్టుకుని పోల్చడం గురించి, రైతులు ఒప్పుకుంటారా అన్నదాని గురించి అందరం మాట్లాడుకున్నాం. మార్కుల షీటు ఎవరూ తిరగేయలేదు.

రెండు చోట్లా సీటు వచ్చింది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ ఇచ్చేటప్పుడు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే గడువు ఇస్తాయి, అంతకంటే ముందే చెప్పమని ఒత్తిడి చేయకూడదని వాళ్ల మధ్య ఒప్పందం ఉంది. ఆ గడువు నాకు చాలా అవసరమైంది. అక్కడి గ్రాంటు హౌస్ ఫించ్ అనే పిట్టలకు వచ్చే కళ్ల జబ్బు మీద. 1994లో అక్కడ బయటపడి పిట్టల సంఖ్యనే తగ్గించేసిన జబ్బు అది, ఈ రంగంలో బాగా చదివిన కథల్లో ఒకటి. ఆ ల్యాబులో లెక్కల శిక్షణ మన దగ్గర దొరకడం కష్టం. ఇక్కడైతే నా ప్రశ్న నాదే, చేలు నావే, జేఆర్‌ఎఫ్ చేతిలో ఉంది.

ఇంట్లో ఎవరి మాట వాళ్లది. నాయనకు అమెరికా అంటే గొప్ప. అమ్మ, "ఎలకల్ని చూసేదానికి అంత దూరం పోవల్లనా, మన చేన్లో లేవా?" అంది. అమ్మ మాట వినడానికి అమాయకంగా ఉన్నా నా లెక్క కూడా అదే. చిగ్గర్లు వానతో వస్తాయి. రెండు మూడు వానాకాలాలు వరసగా, ప్రతి నెలా అవే గట్ల మీద కొలవాలి. ఏడాదికోసారి విమానంలో వచ్చి వెళ్లేవాళ్లు చేయగలిగే పని కాదది. ఇక్కడే చేరాను. అమెరికా ప్రొఫెసర్‌కు కారణం వివరంగా రాస్తే నొచ్చుకోలేదు. నా డాక్టోరల్ కమిటీలో బయటి సభ్యురాలిగా ఉండడానికి ఒప్పుకున్నారు, మోడల్ రాయడం నేర్చుకోవడానికి కొన్ని నెలలు వాళ్ల ల్యాబుకు రమ్మన్నారు. అందరికీ ఇదే సరైనదని అనను. జబ్బు ఏదైనా పర్వాలేదు, లెక్కలే నా ఇష్టం అనుకునేవాళ్లు బయటికి వెళ్లడమే మేలు.

మన చుట్టూ ఇంకా ఎవరూ సరిగ్గా ముట్టని ప్రశ్నలు బోలెడు. నేలపట్టుకు ఏటా వచ్చే నీటిపక్షుల గుంపులు, వాటి పక్కనే పల్లెల్లో పెరటికోళ్లు, బర్డ్ ఫ్లూ దృష్టితో చూస్తే అదొక పీహెచ్‌డీ. అలిపిరి మెట్ల దారిలో భక్తుల చేతిలోంచి తిండి లాక్కునే కోతుల గుంపులు ఎలా పెరుగుతున్నాయన్నది ఇంకొకటి. కర్ణాటకలో 1957లో బయటపడ్డ క్యాసనూర్ అడవి జబ్బు కోతులు చచ్చిపోవడంతోనే తెలిసింది మరి. ఊరకుక్కల్లో ఎంత శాతానికి టీకా వేస్తే రేబిస్ ఆగుతుంది, ఆ కుక్కలు ఎన్నున్నాయో ముందు ఎలా లెక్కపెట్టాలి? చిత్తూరు వైపు వాళ్లకు పశువులు, అడవి అంచు, పిడుదులు ఉన్నాయి. వెటర్నరీ చదివినవాళ్లు ఇందులోకి వస్తే మాకంటే వేగంగా అందుకుంటారు.

అక్టోబరు వానలు పడగానే మా ట్రాపులు మళ్లీ మొదలవుతాయి. ఎమ్మెస్సీ డిసర్టేషన్ చేసేవాళ్లకు మా దగ్గర ఇద్దరికి చోటుంది. వచ్చేవాళ్లను మార్కులు అడగం. మీ ఊళ్లో మీరు చూసిన ఒక జబ్బు గురించి, అది ఎవరికి వస్తోంది, ఏ నెలలో వస్తోంది, దాని చుట్టూ ఏ జీవాలున్నాయి అని తెలుగులోనైనా సరే ఒక పేజీ రాసుకుని రమ్మంటున్నాం.